గడ్డకట్టే చలిలో పడవ మీది ఎరువు మరుగుదొడ్డి

శ్రోతలకు నమస్కారం.

ధనుర్మాసంలో పొగమంచు కోనసీమ కాలువలను కమ్మేయడం మనకు తెలుసు గాని, కాలువే గడ్డకట్టడం మన ఊహకు అందదు. ఇంగ్లండు కాలువల మీద పడవల్లోనే కాపురం ఉండేవారికి కొన్ని శీతకాలాల్లో ఆ స్థితి ఎదురవుతుంది. మంచు కరిగేదాకా పడవ కదలదు. మలం తొట్టి ఖాళీ చేసే రేవుకు వెళ్లే వీలుండదు. అందుకే వారిలో కొందరు నీరు అక్కరలేని ఎరువు మరుగుదొడ్డిని అమర్చుకున్నారు.

ఇందులో మూత్రం ముందున్న డబ్బాలోకి, మలం వెనుకనున్న పెట్టెలోకి విడివిడిగా పోతాయి. రెండూ కలిస్తే దుర్వాసన బాగా పెరుగుతుంది కనుక ఈ విభజనే దీనికి ప్రాణం. ఆ పెట్టెలో సాధారణంగా పరిచేది కొబ్బరి పొట్టు. మన పీచు మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండే పొట్టే.

చలి ముదిరితే పెట్టెలో పని మందగిస్తుంది. మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు 20 నుంచి 40 డిగ్రీల వేడిలో చురుకుగా ఉంటాయి, 5 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతాయి. అప్పుడు పెట్టె మలాన్ని ఆరబెట్టి దాచగలదే తప్ప ఎరువు చేయలేదు. తడి ఎక్కువైన పొట్టు రాయిలా బిగిసి, కలిపే పిడి తిరగదు. మూత్రం గడ్డకడితే నీటిలాగే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కనుక డబ్బాను నిండా నింపకూడదు. గడ్డకట్టినంత మాత్రాన రోగక్రిములు, ఏలికపాముల గుడ్లు చచ్చిపోతాయనుకోవడం ప్రమాదకరమైన భ్రమ. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొత్త మలం చేర్చకుండా 2 నుంచి 20 డిగ్రీల వాతావరణంలో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, 20 నుంచి 35 డిగ్రీలలో ఏడాదికి పైగా నిల్వ ఉంచాలి.

అంటే మన ఎండ మనకు అనుకూలమే. పాపికొండల లాంచీలలోనూ, దిండి హౌస్‌బోట్లలోనూ ఈ పద్ధతి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే మనం తాగేదీ, పొలాలకు పారించుకునేదీ ఆ నీరే. అయితే చలిదేశపు నమూనాను యథాతథంగా తెచ్చి పెడితే చెడిపోతుంది. వారు కాగితంతో తుడుచుకుంటారు, మనం నీళ్లతో కడుక్కుంటాం. ఆ నీరు పొట్టులో పడితే పెట్టె బురదవుతుంది. కాబట్టి కడుగునీటికి మూడో దారి, దానికి వేరే డబ్బా ఉండాలి. ఆ నీటిని ఏటిలో వదలక గట్టు మీద అరటి మొక్కల మడిలోకి పంపాలి. డెల్టాలో వానాకాలం భూగర్భజలం దాదాపు నేలమట్టానికి వస్తుంది గనుక, నిండిన పెట్టెలను గోతిలో పూడ్చక, ఎత్తైన అరుగు మీద కప్పు కింద నిల్వ చేయాలి.

మరొక మాట. పూర్తిగా కుళ్లని మలాన్ని మనిషి చేతులతో ఎత్తించే పనిని 2013 నాటి చట్టం నిషేధించింది. పడవ యజమానులు కూలివాడి చేత పెట్టె తోడించక, బిగుతైన మూత ఉన్న పెట్టెలను రెండు మూడు ఉంచుకుని, నిండినదాన్ని మూతతో సహా దించి, ఖాళీదాన్ని ఎక్కించే ఏర్పాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.