మైకు ఏ వైపు వినదో చూసి కొనండి

అందరికీ నమస్కారం. ఇంట్లోనే ఒక గది చూసుకుని రికార్డింగ్ మొదలుపెట్టినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. తక్కువ ధరలో మల్టీ ప్యాటర్న్ కండెన్సర్ మైకు, అంటే ఏ వైపు వినాలో మనం మార్చుకోగలిగే సున్నితమైన మైకు, ఏది మంచిదని మీరు అడుగుతున్నారు. మోడల్ పేర్లు చెబుతాను. దానికంటే ముందు, మైకు ఏ వైపు వినదో తెలుసుకుని కొనమని నా సలహా. మన విశాఖలో కిటికీ మూస్తే ఉక్కపోత, ఫ్యాను వేస్తే దాని గాలి చప్పుడు. ఆపైన వీధిలో ఆటోల హారన్లు, నెత్తి మీద నేవీ విమానాలు. వీటన్నిటి మధ్యనే మనం పాట రికార్డు చేసుకోవాలి.

ఈ రకం మైకుల్లో చాలావాటికి ఒకదాని వెనక ఒకటిగా రెండు డయాఫ్రమ్‌లు, అంటే శబ్దానికి కదిలే పల్చటి పొరలు, ఉంటాయి. వెనకదానికి వోల్టేజీ ఇవ్వకపోతే మైకు ప్రధానంగా ముందువైపే వింటుంది, అది కార్డియాయిడ్. రెండింటికీ ఒకేలా ఇస్తే అన్ని వైపులా వినే ఓమ్ని. వెనకదానికి తిరగేసి ఇస్తే ముందూ వెనకా మాత్రమే వినే ఫిగర్ ఎయిట్. 1949లో వచ్చిన నాయ్‌మన్ యు 47 అనే స్టూడియో మైకులోనే కార్డియాయిడ్, ఓమ్ని రెండూ ఉండేవి. అప్పట్లో పెద్ద స్టూడియోలకే అందిన సౌకర్యం ఇప్పుడు మనకూ అందుతోంది.

కొన్నవాళ్లలో చాలామంది ఫిగర్ ఎయిట్ జోలికే పోరు. నాకు దీని మీదే ఎక్కువ ఇష్టం. ఈ మైకుకు ముందువైపు అంటే పై కొస కాదు, నిలువు ముఖం. అందుకే మైకును నిలువుగా పెట్టినప్పుడు సరిగ్గా పైనున్న ఫ్యాను దానికి 90 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఆ కోణంలో కార్డియాయిడ్ 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించి వింటుంది. ఫిగర్ ఎయిట్ అయితే అక్కడి నుంచి నేరుగా వచ్చే చప్పుడును దాదాపు వినదు. పైనా, కిందా, రెండు పక్కలా అంతే. గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాత్రం వస్తుంది. వెనకవైపు కూడా వింటుంది కాబట్టి అటు ఒక మందపాటి బొంత వేలాడదీయండి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే పాడ్‌కాస్ట్‌కు ఈ ఒక్క మైకు సరిపోతుంది.

బుర్రకథ దళం వస్తే ఓమ్నిలో పెట్టండి. కథకుడు, ఇద్దరు వంతలు మైకు చుట్టూ నిలబడితే ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది, తాళం తప్పదు. డక్కీల మోత ఎక్కువైతే వంతలను ఒక అడుగు వెనక్కి జరపండి. మనిషి మైకుకు దగ్గరగా వచ్చినా ఓమ్నిలో గొంతుకు బేస్ పెరగదు. అయితే సామాన్లేమీ లేని గదిలో ఓమ్ని వాడకండి, ప్రతిధ్వని అంతా వచ్చేస్తుంది.

ఇక మోడళ్లు. ఆడియో టెక్నికా ఏటీ 2050, ఏకేజీ పీ 420, బెరింజర్ బీ 2 ప్రో, మూడింట్లోనూ ఈ మూడు ప్యాటర్న్‌లూ ఉన్నాయి. తొమ్మిది ప్యాటర్న్‌ల మైకు కోసం అప్పు చేయాల్సిన పని లేదు. రోడ్ ఎన్‌టీ 2 ఏ ధర ఎక్కువే గానీ, దాని సెల్ఫ్ నాయిస్, అంటే మైకు తనంతట తాను చేసే సన్నటి రొద, 7 డెసిబెల్స్ మాత్రమే. ఏటీ 2050ది 17. వీణ, తంబురా రికార్డు చేసేవాళ్లకు ఈ తేడా వినిపిస్తుంది. జముకుల కథకో, తప్పెటగుళ్లకో అయితే ఆ తేడా కోసం డబ్బు పెట్టకండి. ఆ డబ్బును ఈ మైకులకు కావలసిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇస్తూ మైకును కంప్యూటర్‌కు కలిపే మంచి ఇంటర్‌ఫేస్‌కు, బరువుకు ఒరిగిపోని స్టాండుకు ఖర్చు పెట్టండి.

కొనేముందు వీలైతే ఫిగర్ ఎయిట్‌లో ఒకే మాటను ముందు నుంచీ, వెనక నుంచీ ఒకే దూరంలో చెప్పి రికార్డు చేయండి. రెండు గొంతులూ ఒకేలా ఉండాలి. తేడా బాగా తెలిస్తే రెండు డయాఫ్రమ్‌లకు జత కుదరలేదని అర్థం. ఆ పీస్ తీసుకోకండి.

సముద్రపు తేమ సంగతి కూడా చెప్పాలి. తేమ చేరితే క్యాప్సూల్‌లో, అంటే డయాఫ్రమ్‌లు ఉండే భాగంలో, ఛార్జి లీకై చిటపటలు వస్తాయి. రాత్రంతా స్టాండు మీదే వదిలేయకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన వెంటనే ఆన్ చేయకండి, బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ఇక్కడ టేబుల్ మీద రెండు మైకులు పెట్టాను. పైన ఫ్యాను కూడా తిరుగుతోంది. ఒక్కొక్కరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్యాటర్న్ మార్చి వినండి, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.