ఇటలీ గోల్ఫ్ యాత్రకు రోమా, కోమో సరస్సు తీరమా, సిసిలీయా?

నమస్కారం. ఇటలీలో గోల్ఫ్ ఆడాలనుకునే మిత్రులు నన్ను ముందుగా అడిగే ప్రశ్న, అక్కడ అన్నిటికన్నా గొప్ప కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం, ఏది అని. దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు రెండున్నాయి: ఏ నెలలో వెళ్తారు, ఏ ప్రాంతంలో బస చేస్తారు. ఎనిమిది రోజుల సెలవులో రోమ్, మిలన్, సిసిలీ మూడింటినీ చుట్టిరావాలని చూస్తే, గోల్ఫ్ కర్రల సంచి మోసుకుంటూ విమానాశ్రయాల్లో గడిపే వేళే ఎక్కువవుతుంది. అందుకే ఈ వీడియోలో కోర్సులను ఒక్కొక్కటిగా కాకుండా, ప్రాంతాల వారీగా సమీక్షిస్తున్నాను.

రోమ్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది మనసులో ఉన్నది మార్కో సిమోనె. 2023 సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 1 వరకు యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ జరిగింది ఈ కోర్సులోనే. ఆ పోటీకి ఇటలీ ఆతిథ్యం ఇవ్వడం అదే మొదటిసారి. ల్యూక్ డొనాల్డ్ సారథ్యంలోని యూరప్ జట్టు 16½–11½ పాయింట్లతో అమెరికాపై గెలిచింది. చివరి రోజు పదహారో హోల్ వద్ద జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ధైర్యం చేస్తే ఒకే దెబ్బతో గ్రీన్ (గుంత ఉండే నున్నటి పచ్చిక) చేరుకోగల పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించవలసిన హోల్ అది. అమెరికా ఆటగాడు రికీ ఫౌలర్ కొట్టిన బంతి నీళ్లలో పడగా, యూరప్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్ బంతి నేరుగా గ్రీన్ మీదికి వెళ్లింది, కప్పు యూరప్‌దేనని అక్కడే ఖాయమైంది. తొలి దెబ్బ కొట్టే అదే టీ మీద నిలబడి, చేతిలో డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద గోల్ఫ్ కర్ర) పట్టుకొని, కొట్టాలా తగ్గాలా అని ఆలోచించే ఆ రెండు నిమిషాల కోసమైనా ఒక రౌండు ఆడవచ్చు.

అయితే ఒక్క రౌండు చాలునన్నది నా అభిప్రాయం. టీవీలో సరిగా తెలియని సంగతి ఏమిటంటే, ఆ నేలంతా ఎత్తుపల్లాలే, కాబట్టి నడిచి ఆడితే పద్నాలుగో హోల్‌కే కాళ్లు పట్టేస్తాయి. మైదానంలో తిరిగే చిన్న బండి, బగ్గీ, ముందే చెప్పి పెట్టుకోండి. రుసుము కూడా రైడర్ కప్ పేరుకు తగ్గట్టే ఉంటుంది. రోమ్‌లో రెండో రౌండుకు నేను సూచించేది ఆక్వాసాంతా. 1903లో ఏర్పడిన ఈ క్లబ్బు, నేటికీ నడుస్తున్న ఇటలీ గోల్ఫ్ క్లబ్బులలో అతి పురాతనమైనది. పురాతన ఆపియా రహదారికి చేరువలో, ప్రాచీన రోమన్లు నగరానికి నీళ్లు తరలించడానికి కట్టిన కమానుల వరుసలు కనిపిస్తూ ఉండగా ఆడే కోర్సు ఇది. గోల్కొండ కోట నీడలో ఆడే హైదరాబాద్ గోల్ఫర్లకు ఆ అనుభూతి కొత్తదేమీ కాకపోవచ్చు గాని, రెండు వేల ఏళ్లనాటి కట్టడాన్ని గురిగా పెట్టుకొని బంతి కొట్టడం నాకు మాత్రం ఒళ్లు పులకరించిన అనుభవం.

ఇక నా మనసు పూర్తిగా నిలిచిపోయిన ప్రాంతం ఉత్తరాన ఉన్న కోమో సరస్సు, దాని చుట్టుపక్కల నేల. మిలన్‌లో దిగి, కోమో పట్టణానికి దగ్గరలో ఒకే బసలో ఆరు రాత్రులు ఉంటే, కారులో గంటా గంటన్నర దూరంలోనే ఒకదానితో ఒకటి పోలికలేని కోర్సులు దొరుకుతాయి. వాటిలో మొదట చెప్పవలసింది మొంతోర్ఫానోలోని విల్లా దెస్తె గోల్ఫ్ క్లబ్బు. పీటర్ గానన్ రూపొందించగా 1926లో మొదలైన ఈ కోర్సు పార్ 69 మాత్రమే, అంటే హోళ్లన్నీ కలిపి 69 దెబ్బల్లో ముగించవలసినది. కార్డు మీద ఆ అంకె చూసి తేలిగ్గా తీసుకున్నవారు సాయంత్రానికి మాట మార్చుకుంటారు. చెస్ట్‌నట్, బర్చ్, పైన్ చెట్ల మధ్య సన్నటి దారుల్లా టీ నుంచి గ్రీన్ దాకా సాగే ఫెయిర్‌వేలు, ఒరిగి ఉన్న నేల మీద నిలబడి కొట్టవలసిన దెబ్బలు, చిన్న గ్రీన్‌లు కలిసి, డ్రైవర్‌ను సంచిలోనే ఉంచమని చాలా హోళ్లలో మనకు చెబుతాయి. దూరం కొట్టగల బలం కన్నా, రెండో దెబ్బ ఎక్కడినుంచి ఆడాలో ముందే ఊహించగల నేర్పు ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇటలీ జాతీయ గోల్ఫ్ పోటీ అయిన ఇటాలియన్ ఓపెన్ ఇక్కడ పలుమార్లు జరగడానికి కారణం ఆ నేర్పును పరీక్షించే గుణమేనని నేను నమ్ముతాను.

సరస్సుకు పడమటి ఒడ్డున, కొండ మీద ఉన్న మెనాజ్జో కాదెనాబ్బియా క్లబ్బును 1907లో ఇంగ్లండు నుంచి విహారానికి వచ్చినవారు స్థాపించారు. కోర్సు పొట్టిది, పోటీ దృష్టితో చూస్తే కష్టమైనదీ కాదు. కానీ చెట్ల మీదుగా కిందకు చూస్తే నీలి నీరు కనబడే ఆ టీల దగ్గర, వెనుక వచ్చేవారికి దారి ఇచ్చి మరీ మేము ఆగిపోయాం. క్లబ్ భవనంలో గోల్ఫ్‌కు సంబంధించిన పాత పుస్తకాల గ్రంథాలయం ఉంది, ఆట ముగిశాక దానికి ఒక గంట కేటాయించండి.

మూడోది మిలన్ దగ్గరి మోంజా రాచవనంలో 1928 నుంచి ఉన్న మిలానో గోల్ఫ్ క్లబ్బు. 2015 నుంచి వరుసగా మూడేళ్లు ఇటాలియన్ ఓపెన్ ఇక్కడ జరిగింది. 2016లో టురిన్‌కు చెందిన ఫ్రాంచెస్కో మొలినారి, స్వదేశపు ప్రేక్షకుల మధ్య ఈ నేల మీదే ఆ టైటిల్ గెలిచాడు. రెండేళ్ల తర్వాత స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటన్ ఓపెన్ చాంపియన్‌షిప్ గెలిచింది కూడా అతడే. ఫార్ములా వన్ ట్రాక్ సైతం ఇదే ఉద్యానవనంలో ఉంది కాబట్టి, సాధారణంగా సెప్టెంబరు తొలి వారంలో వచ్చే గ్రాండ్ ప్రీ కార్ల పందెం తేదీలు చూసుకొని, ఆ వారం గడిచాకే వెళ్లండి. ఆ రోజుల్లో చుట్టుపక్కల గదుల ధరలు చెప్పనలవి కావు.

దక్షిణాదిని కొద్ది మాటల్లో చెబుతాను. సిసిలీలో షాక్కా సమీపంలోని వెర్దూరా, సముద్రం అంచునే కైల్ ఫిలిప్స్ రూపొందించిన విశాలమైన కోర్సు. ఉత్తరాన మంచు పడే నెలల్లో సెలవు దొరికేవారికి ఇదే సరైన చోటు, పైగా అగ్రిజెంతోలోని గ్రీకు ఆలయాలు దగ్గరే. సార్డీనియాలోని పెవెరోను రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ 1972లో పూర్తిచేశారు. అక్కడి గ్రానైట్ బండల మధ్య ఆడుతుంటే మన గచ్చిబౌలి గుట్టలు గుర్తురాక మానవు. పూలియాలో ఆలివ్ తోటల పక్కన ఉన్న సాన్ దొమెనికోలో గాలిని తట్టుకోవడమే పెద్ద పని. ఇవన్నీ మంచివే, కానీ ఒక్కొక్కటీ ఒక్కో మూల ఉండడం వల్ల తొలి యాత్రకు నేను సూచించను.

ఇప్పుడు ఏర్పాట్ల సంగతి. ఇటలీలో అధిక భాగం సభ్యుల క్లబ్బులే. అతిథులను ఆదరిస్తారు, కానీ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని తెలిపే అంకె) ధ్రువపత్రం అడుగుతారు, కొన్ని క్లబ్బులు ఆ అంకెకు గరిష్ఠ పరిమితి కూడా పెడతాయి. మీ క్లబ్బు నుంచి తాజా పత్రం తీసుకొని, అచ్చు ప్రతి ఒకటి సంచిలో ఉంచుకోండి. చాలా క్లబ్బులకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, శని ఆదివారాల్లో సభ్యుల పోటీలు నడుస్తాయి, కనుక రౌండ్లన్నీ మంగళవారం నుంచి శుక్రవారం లోపు సర్దుకొని, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ఉత్తరం రాసి నిర్ధారించుకోవాలి. మనకు అలవాటైన క్యాడీలు, అంటే సంచి మోసే సహాయకులు, అక్కడ సాధారణంగా ఉండరు. ట్రాలీ మనమే లాక్కోవాలి, గ్రీన్ వాలు మనమే చదువుకోవాలి. దూరాలు మీటర్లలో రాసి ఉంటాయి. ఫలకం మీద 150 అని ఉంటే అది దాదాపు 164 గజాలు. ఈ లెక్క మరిచి తొలి రోజంతా నేను గ్రీన్‌కు ముందున్న ఇసుక గుంతల్లోనే (బంకర్లలో) తిరిగాను, అది నాకు నిజంగా బాధ కలిగించిన రోజు.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేయవచ్చు. పెద్దలకు రుసుము 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. గోల్ఫ్ సామగ్రి ఆ బీమాలోకి వస్తుందో రాదో విడిగా అడగండి. నలుగురు ఆటగాళ్లు, నాలుగు సంచులు అంటే మామూలు కారు చాలదు, వ్యాను తీసుకోవాలి, అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం వెంట ఉండాలి. పాత పట్టణాల నడిబొడ్డున అనుమతి లేని వాహనాలకు ప్రవేశం నిషేధించిన వీధులుంటాయి, కెమెరాలు కాపలా కాస్తాయి. అలాంటి ఒక వీధిలోకి తెలియక మళ్లినందుకు మాకు జరిమానా నోటీసు ఇంటికి వచ్చాక, నెలల తర్వాత అందింది. అందువల్ల కారును పట్టణం వెలుపల ఆపుకోగలిగిన బసను వెతకండి.

నేను మళ్లీ వెళ్తే సెప్టెంబరు మూడో వారం ఎంచుకుంటాను. చేరిన మర్నాడు విశ్రాంతి, ఆ తర్వాత మోంజా, ఒక రోజు విడిచి విల్లా దెస్తె, ఆఖరున మెనాజ్జో. అక్కడ ఆట మొదలుపెట్టే వేళను మధ్యాహ్నానికి తీసుకొని, తిరుగు విమానం మరుసటి రోజుకు పెట్టుకుంటాను, ఎందుకంటే సాయంత్రం వెలుగు సరస్సు మీద పడే వేళకు మేము చివరి హోళ్లలో ఉండాలి.