చెయ్యి చేసే పని ఇనుముకు అప్పగించాలంటే

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి ఇంతమంది వచ్చారు. మీలో సగం మంది చేతులు చూస్తేనే తెలుస్తోంది, మిషన్ మీద పనిచేసేవాళ్లేనని. అందుకే మిల్లింగ్ అంటే ఏమిటో చెప్పకుండా నేరుగా విషయంలోకి వస్తాను: చేత్తో తిప్పే మిల్లింగ్ మిషన్‌ను కంప్యూటర్ నడిపే సీఎన్‌సీగా మార్చేటప్పుడు, ప్లే అనే వదులును ఎలా పట్టుకుని తీసెయ్యాలన్నది.

నేను బాలానగర్‌లో పని నేర్చుకున్నాను. మొదటి వారం మా మేస్త్రి నాకు కట్టర్ గురించి చెప్పలేదు, స్పీడు గురించీ చెప్పలేదు. హ్యాండిల్ పట్టించి, "తిప్పరా. టేబుల్ ఎప్పుడు కదిలిందో నీ చేతికి తెలియాలి" అన్నాడు. ఎడమకు తిప్పి ఆపి, మళ్లీ కుడికి తిప్పాను. డయల్ మీద గీతలు జరిగిపోతున్నాయి, టేబుల్ మాత్రం కదల్లేదు. కాసేపటికి హ్యాండిల్ బరువెక్కింది. అప్పుడు కదిలింది. "మధ్యలో ఉన్న ఆ ఖాళీయే ప్లే. ముందు దాన్ని తీసెయ్, తర్వాత కొలత పట్టుకో. కొలత దాటిపోయిందనుకో, అక్కడికక్కడే వెనక్కి తిప్పి సరిచెయ్యకు. ఒక చుట్టు పూర్తిగా వెనక్కి పోయి, మళ్లీ అదే వైపు నుంచి రా" అన్నాడు.

ఆ మాట ముప్పై ఏళ్లు నా చేతిలో ఉండిపోయింది. ఎంతగా అంటే, ఆ పని చేస్తున్నానన్న సంగతే మర్చిపోయాను. ఇంటి షెడ్డులో ఉన్న చిన్న బెంచి మిల్లుకు మోటార్లు బిగించాక గానీ నా చెయ్యి అన్నేళ్లుగా ఎంత పని చేసిందో నాకు తెలియలేదు. హ్యాండిల్ తీసి మోటారు పెట్టామంటే ఆ చేతిని తీసేశామన్నమాట. అది చేసిన పని ఇప్పుడు స్క్రూ చెయ్యాలి, నట్టు చెయ్యాలి, బేరింగ్ చెయ్యాలి. ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే.

ఈ చేతుల కథ మన షెడ్డుల్లో మొదలైంది కాదు. 1940ల చివర్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో, జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపుకు టెంప్లేట్లు కావాలి. ఆ వంపు మీది బిందువులన్నిటినీ ఐబీఎం పంచ్ కార్డు యంత్రాలతో లెక్క కట్టించాడు. అంకెల పట్టికను ఒక మనిషి పైకి చదువుతుంటే, ఇద్దరు ఆపరేటర్లు ఒకరు ఎక్స్ హ్యాండిల్, ఒకరు వై హ్యాండిల్ తిప్పేవాళ్లు. ఆ ఇద్దరి చేతుల బదులు యంత్రం పెట్టే పని తర్వాత ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబ్‌కు చేరింది. 1952లో వాళ్లు లోకానికి చూపించిన యంత్రం కొత్తగా పోతపోసింది కాదు. సిన్సినాటి కంపెనీవాళ్ల హైడ్రోటెల్ మిల్లింగ్ మిషన్ తెచ్చి, దానికి వాక్యూమ్ ట్యూబుల కంట్రోలు, చిల్లుల టేపు జోడించారు. అంటే తొలి న్యూమరికల్ కంట్రోల్ యంత్రమే ఒక కన్వర్షన్. ఇది చదివిన రోజు నాకు వచ్చిన ధైర్యం ఇంతా అంతా కాదు.

సరే, ప్లే ఉంటే ఏమవుతుంది? చేత్తో తిప్పేటప్పుడు మనం ఒకే వైపు నుంచి వస్తాం కాబట్టి సరిపోతుంది. సీఎన్‌సీకి ఆ వీలు లేదు. ఒక గుండ్రటి రంధ్రం కోయాలంటే ఎక్స్ రెండుసార్లు, వై రెండుసార్లు దిశ మార్చుకోవాలి. దిశ మారిన ప్రతిసారీ మోటారు తిరుగుతుంది, టేబుల్ ఆగి ఉంటుంది. అందుకే వృత్తం నాలుగు దిక్కుల్లోనూ చిన్న మెట్టు, చిన్న చదును కనిపిస్తాయి. నేను మోటార్లు పెట్టిన మొదటి వారం అల్యూమినియం దిమ్మలో 40 మి.మీ. రంధ్రం కోసి కొలిచాను. ఎక్స్ వైపు 39.78, వై వైపు 39.72 వచ్చింది. సన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజితో చూస్తే ఎక్స్ ప్లే 0.22, వై ప్లే 0.28. ఎంత వదులు ఉంటే ఆ వైపు వ్యాసం అంత తగ్గుతుంది. కట్టర్ సైజు ముందే సరిచూసుకుంటే, ఒక్క రంధ్రం మీకు రెండు అక్షాల జాతకమూ చెప్పేస్తుంది.

ఇంకో ప్రమాదం క్లైంబ్ మిల్లింగ్, అంటే కట్టర్ పళ్లు జాబ్ కదిలే వైపే తిరుగుతూ కోయడం. ఎద్దుబండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎద్దులు బండిని లాగుతాయి, కాడి బిగువుగా ఉంటుంది. పల్లం దిగేటప్పుడు బండే ఎద్దుల మీదికి తోసుకొస్తుంది, కాడి దగ్గరున్న వదులంతా ఒక్కసారిగా ముందుకు జారుతుంది. క్లైంబ్‌లో జరిగేది అదే. కట్టర్ జాబ్‌ను తనవైపు లాక్కుంటుంది, ఉన్న ప్లే అంతా టేబుల్ ఒక్క కుదుపులో దూకుతుంది. 0.3 దూకితే సన్న కట్టర్ విరగడం ఖాయం. అందుకే పాత మాన్యువల్ మిషన్ల మీద పెద్దవాళ్లు క్లైంబ్ వద్దనేవాళ్లు. సీఎన్‌సీ ప్రోగ్రాములేమో ఫినిషింగ్ బాగుంటుందని ముందు క్లైంబ్‌నే ఎంచుకుంటాయి. కన్వర్ట్ చేసిన మర్నాడే కట్టర్లు విరుగుతున్నాయని బాధపడేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఇక అసలు పని. దయచేసి బాల్‌స్క్రూ, అంటే నట్టు లోపల చిన్న బాల్స్ దొర్లే స్క్రూ, ఆర్డర్ పెట్టకముందు ఈ పరీక్ష చెయ్యండి. ప్లే అనేది ఒకే చోట ఉండదు. మోటారు షాఫ్టు, కప్లింగ్, స్క్రూ చివరి బేరింగ్, స్క్రూ, నట్టు, నట్టును సాడిల్‌కు (టేబుల్‌ను మోసే కింది పోతకు) పట్టించే బ్రాకెట్, ఆ తర్వాత గిబ్ (జారే పట్టాల మధ్య వదులు తీసే సన్నటి పలక). ప్రతి చోటా కాస్త కాస్త దాక్కుని ఉంటుంది. టేబుల్ దగ్గర మనకు కనిపించేది మొత్తం కూడిక. దాన్ని విడగొట్టి చూడాలి.

ఎలా చూడాలంటే, స్క్రూ చివర లేత్ సెంటర్ గుంట ఉంటుంది కదా, అందులో కాస్త గ్రీజు పెట్టి ఒక స్టీల్ బాల్ అంటించండి. డయల్ గేజికి చదును ముక్కు పెట్టి ఆ బాల్ మీద ఆనించండి. బాల్ ఎందుకంటే, స్క్రూ తిరిగినా చివరి ముఖం వంకర రీడింగులోకి రాదు. ఇప్పుడు టేబుల్‌ను రెండు చేతులతో ముందుకూ వెనక్కూ నెట్టండి. ముల్లు కదిలిందంటే స్క్రూ తన పొడవు దిశలో జరుగుతోంది, తప్పు బేరింగ్‌ది. కదలకపోతే గేజిని నట్టు అంచు మీదికి మార్చండి, సాడిల్‌తో పోల్చి చూడండి. అక్కడ కదిలితే బ్రాకెట్. మిగిలినది నట్టుది. నా మిషన్‌లో 0.22లో బేరింగ్ వంతు 0.09, బ్రాకెట్ 0.02, నట్టు 0.11. ఆ 0.09ని నేను రూపాయి ఖర్చు లేకుండా, హ్యాండిల్ వెనకున్న చెక్‌నట్లు బిగించి 0.03కి తెచ్చాను. అరగంట పని. కొలవకపోయి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

పాత ట్రెపిజాయిడల్ స్క్రూ (ఏటవాలు పక్కల మర ఉన్న మామూలు స్క్రూ) ఉంచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నట్టును చీల్చి, మరతో బిగించుకునేలా చెయ్యొచ్చు. రెండు నట్ల మధ్య స్ప్రింగు పెట్టొచ్చు. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలు వేడిచేసి స్క్రూ చుట్టూ నొక్కి, మర అచ్చు దింపి నట్టు చేసేవాళ్లూ ఉన్నారు. తేలికపాటి పనికి అది బాగానే నిలుస్తుంది. చిక్కల్లా అరుగుదలతో. మనం ఎక్కువగా టేబుల్ మధ్యలోనే పనిచేస్తాం. స్క్రూ మధ్యలో అరుగుతుంది, చివర్లు కొత్తగానే ఉంటాయి. మధ్యలో బిగువుగా ఉండేలా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. కొత్త స్క్రూ మీద ఈ ఉపాయాలు చెయ్యండి, పాతదాని మీద శ్రమ దండగ.

నేను చివరికి బాల్‌స్క్రూకే వెళ్లాను. 16 మి.మీ. స్క్రూ, 5 మి.మీ. లీడ్, అంటే ఒక చుట్టుకు 5 మి.మీ. జరుగుతుంది. దాని నట్టు ఒళ్లు 28 మి.మీ., అంచు 48 మి.మీ. చిన్న మిల్లు సాడిల్ కింద అంత చోటు ఉండదు. సాడిల్ పోతను కొంత కోయాలి, ఎక్కువ కోస్తే అది బలహీనపడి వంగుతుంది. నేను నట్టు అంచుకే రెండు పక్కలా చదును పెట్టి, పోతను వీలైనంత తక్కువ తాకాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ బ్రాకెట్లు, మోటారు ప్లేట్లు అన్నీ మిషన్ విప్పకముందే దాని మీదే చేసుకోవాలి. విప్పాక ఒక ప్లేటుకు రంధ్రం కావాలంటే పక్కవాళ్ల షాపుకు పరుగెత్తాల్సి వస్తుంది.

బిగించేటప్పుడు ఒక పొరపాటు జరిగింది. నట్టును స్క్రూ మీద నుంచి కొంచెం బయటికి జారనిచ్చాను. లోపలి బాల్స్ గచ్చు మీద టపటపా రాలిపోయాయి. 3.175 మి.మీ. బాల్స్. చీపురు, అయస్కాంతం పట్టుకుని ఆ సాయంత్రమంతా ఏరుతూనే ఉన్నాను. స్క్రూ లోపలి వ్యాసానికి సరిపోయే గొట్టం ముక్కను చివర ఆనించి, నట్టును దాని మీదికే జరిపితే ఇది జరగదు.

అంతా బిగించి డయల్ పెట్టాను. ప్లే ఇంకా 0.07 ఉంది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత విప్పి, ఇదేనా ఫలితం అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి మళ్లీ స్క్రూ చివర బాల్ అంటించి టేబుల్ నెట్టాను. స్క్రూయే 0.05 జరుగుతోంది! స్క్రూ చివర పెట్టే బేరింగ్ బ్లాకు నేను రెడీమేడ్‌గా కొన్నదే. విప్పి చూస్తే లోపల 6001 బేరింగులు, అంటే మామూలు డీప్ గ్రూవ్ బేరింగులు ఉన్నాయి. అక్కడ ఉండాల్సింది 7001 యాంగ్యులర్ కాంటాక్ట్ జత. రెండింటి కొలతలూ ఒకటే: లోపల 12, బయట 28, మందం 8. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. డీప్ గ్రూవ్‌లో బాల్‌కూ గాడికీ మధ్య కొన్ని మైక్రాన్ల ఖాళీ కావాలనే వదులుతారు. అదే షాఫ్టు పొడవు దిశలో కొలిస్తే చాలా రెట్లు అవుతుంది. యాంగ్యులర్ కాంటాక్ట్ రెండింటిని వీపులు కలిపి పెట్టి, లాక్‌నట్టుతో ఒకదాని మీద ఒకటి నొక్కేలా బిగిస్తే ఆ ఖాళీయే ఉండదు. జత మార్చాక నా ఎక్స్ 0.02కి దిగింది. సాడిల్ కోయడం కంటే, మోటార్లు కొనడం కంటే ఎక్కువ మేలు చేసింది ఆ నాలుగు బేరింగులు. ఎక్స్‌కు రెండు, వైకి రెండు.

మిగిలిన 0.02 నట్టుది. బాల్స్ కొన్ని మైక్రాన్లు పెద్దవి వేసి దాన్నీ తీసెయ్యొచ్చు. నేను తియ్యలేదు. బిగువు పెరిగితే రాపిడి పెరుగుతుంది, నా పనికి 0.02 చాలు.

గిబ్ విషయంలో ఒక జాగ్రత్త. ప్లే పోవాలని గిబ్ బిగించేసేవాళ్లను చూశాను. అప్పుడు 0.01 కదలమంటే టేబుల్ కదలదు, మళ్లీ 0.01 అన్నా కదలదు, మూడోసారి ఒక్కసారిగా 0.03 గెంతుతుంది. గేజి మీద ఇది అచ్చం బ్యాక్‌లాష్‌లాగే, అంటే ప్లేలాగే కనిపిస్తుంది, మందు మాత్రం వేరు. గిబ్‌కు నీలం రంగు రాసి, ఎక్కడ ఆనుతోందో చూసి, స్క్రేపర్‌తో ఎత్తులు తీసి, స్లైడ్‌వే ఆయిల్ 68 గ్రేడు పోయాలి. దీనికి దగ్గరిదారి లేదు.

తల పైకీ కిందికీ కదిలే జడ్ అక్షం కథ వేరు. తల బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి ప్లే ఒక వైపే ఒదిగి ఉంటుంది, పెద్దగా కనిపించదు. కొందరు మోటారుకు భారం తగ్గాలని గ్యాస్ స్ప్రింగు పెట్టి బరువును సరిగ్గా సమం చేస్తారు. అప్పుడు తల ఎటూ ఆనకుండా ఆ వదులులో తేలుతుంది. సమం చెయ్యకండి, కొంత బరువు కిందికి వదలండి. ఇంకొకటి, పాత స్క్రూకు కరెంటు పోయినా తల అలాగే నిలబడుతుంది. బాల్‌స్క్రూలో రాపిడి చాలా తక్కువ, శక్తిలో దాదాపు 90 శాతం పనికి అందుతుంది. అందుకే కరెంటు పోగానే తల తన బరువుకు తానే స్క్రూను తిప్పుకుంటూ దిగిపోతుంది. జడ్‌కు బ్రేకు ఉన్న మోటారు పెట్టండి. కింద చెయ్యి ఉండొచ్చు.

మోటార్ల గురించి రెండే మాటలు. చుట్టుకు 200 స్టెప్పులు వేసే స్టెప్పరు మోటారు, డ్రైవరులో ఒక్కో స్టెప్పు పది భాగాలు, 5 మి.మీ. లీడ్ స్క్రూ అంటే ఒక పల్సుకు 2.5 మైక్రాన్లు. ఆ అంకె చూసి నా మిషన్ 2.5 మైక్రాన్లు కోస్తుందని అనుకోవద్దు. అది అడగగలిగే కొలత మాత్రమే. ఎంత తిరిగిందో చూసి చెప్పే ఎన్‌కోడర్ ఉన్న క్లోజ్డ్ లూప్ మోటారు కొంటే బ్యాక్‌లాష్ పోతుందనీ అనుకోవద్దు. ఆ ఎన్‌కోడర్ మోటారు షాఫ్టును చూస్తుంది, టేబుల్‌ను చూడదు.

ఇక సాఫ్ట్‌వేర్. లినక్స్‌సీఎన్‌సీ, మాక్3 లాంటి మిషన్ నడిపే ప్రోగ్రాముల్లో బ్యాక్‌లాష్ విలువ ఇస్తే దిశ మారినప్పుడల్లా అది మోటారును అంత అదనంగా తిప్పుతుంది. మా మేస్త్రి నాకు చెప్పిన ఉపాయమే అది. కానీ మేస్త్రి చెయ్యి టేబుల్ బరువును కూడా పసిగట్టేది, ప్రోగ్రాముకు ఆ స్పర్శ లేదు. వదులులో టేబుల్ తాను అనుకున్న వైపే ఆని ఉందని నమ్ముతుంది. కట్టర్ దాన్ని అవతలికి నెడితే ఆ లెక్కంతా తప్పుతుంది. అందుకే ఇనుములో చెయ్యగలిగినదంతా చేసి, మిగిలిన 0.02, 0.03ను మాత్రమే సాఫ్ట్‌వేర్‌కు వదలండి. 0.25 ప్లేను అంకెతో కప్పిన మిషన్ గాలిలో చక్కగా కదులుతుంది, ఇనుము తగలగానే బయటపడుతుంది.

అదిగో, ఆ మూల నా మిషన్ ఉంది. ఎక్స్ స్క్రూ చివర బాల్ పెట్టి గేజి ఆనించే ఉంచాను. వై వైపు ఒక చోట కావాలనే వదులు చేసి తెచ్చాను, ఎక్కడో చెప్పను. నలుగురు నలుగురుగా రండి. కంప్యూటర్ ఆపే ఉంటుంది. ముందు గేజి చూడకుండా టేబుల్‌ను రెండు చేతులతో పట్టుకుని నెట్టి, వదులు ఏ భాగంలో ఉందో మీ చేతికి ఏమనిపించిందో చెప్పండి. తర్వాత ముల్లు చూద్దాం.