పురుగు పట్టిన కరివేపాకు

అందరికీ నమస్కారం. సాయంత్రం వేళ బెంగళూరు సర్జాపుర రోడ్డు దాటుకొని సమయానికి వచ్చినవారికి ముందుగా అభినందనలు. మా అపార్టుమెంటులో నేనూ, మరో ముగ్గురు తల్లిదండ్రులూ కలిసి ఆరేళ్ళుగా నడుపుతున్న పిల్లల ప్రకృతి క్లబ్బు గురించి మాట్లాడమన్నారు. మీ కాలనీల్లోనూ ఇలాంటివి పెట్టాలనుకుంటున్నారని కార్యదర్శిగారు చెప్పారు. అందుకని గొప్పలు పక్కన పెట్టి, మేం చేసిన తప్పులతో మొదలుపెడతాను. ఎక్కువగా ఉన్నవి అవే.

మొదటి ఆదివారం ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చారు. వాళ్ళను కైకొండ్రహళ్ళి చెరువు గట్టు మీద వరసగా నిలబెట్టి, పక్షుల బొమ్మలున్న పెద్ద చార్టు విప్పి, ఒక్కొక్కదాని శాస్త్రీయ నామంతో సహా వివరించాను. చివర్లో క్విజ్, ముగ్గురికి బహుమతులు. నాలుగో ఆదివారానికి అయిదుగురు మిగిలారు. వాళ్ళలో ఇద్దరు నా పిల్లలే. తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు గేటు దగ్గరే ఆగిపోయి వాళ్ళ నాన్నను అడిగాడు: "ఈ వారం కూడా పరీక్ష ఉంటుందా?" ఆ రోజు ఇంటికి వెళ్ళి చార్టు చుట్టి అటక మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాతి వారం ఏం చేయాలో తోచక ఏమీ చేయలేదు. ముందురోజు రాత్రి వాన పడింది. గట్టు పక్కన సన్నని నీటిపాయ పారుతోంది. పిల్లలు రావి ఆకులు అందులో వేసి, ఎవరి ఆకు ముందు వెళ్తుందో చూస్తూ పక్కనే పరుగెత్తారు. ఆకు ఇరుక్కుంటే పుల్లతో తోశారు, పాయ ఎండిన చోట కాలువ తవ్వారు. గంటన్నర గడిచింది. ఒక తల్లి వచ్చి కూతురి గౌను చూసి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అయితే ఆ అమ్మాయి మరుసటి వారం పాత గౌను వేసుకొని, ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకొని వచ్చింది.

అప్పుడు అర్థమైంది. క్లబ్బు నడిపేవాళ్ళ మొదటి పని తమ నోరు కట్టేసుకోవడం. నాలాంటి వాగుడుకాయకు ఇది తేలికగా అబ్బలేదు. ఇప్పటికీ నెలకొకసారైనా మా ఆవిడ దూరం నుంచి చేయి ఊపి గుర్తు చేయాల్సి వస్తుంది.

అయిదు నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్ళు బాగా కదిలే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గంటసేపు నడవమంటే ఏ పిల్లవాడు నడుస్తాడు? మా పిల్లల్లో ఒకడు లిఫ్టు చెడిపోతే రెండో అంతస్తు ఎక్కడానికే మూలిగేవాడు. వాడే ఒక గూడబాతు వెంటపడ్డాడు. అది నీళ్ళ మీద ఒకచోట దిగుతుంది, కాసేపు ఈదుతుంది, లేచి అవతలి ఒడ్డుకు పోతుంది. దాని సంచిలాంటి దవడలోకి చేప ఎలా పోతుందో చూడాలని వాడి పట్టుదల. చెరువు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మూడు చుట్లని మేం చెప్పేదాకా వాడికి తెలియదు. చేపను మాత్రం ఆ రోజు చూడలేకపోయాడు. అందుకే మళ్ళీ వచ్చాడు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఈ హాల్లోనే ఎన్ని చిన్న కళ్ళజోళ్ళు కనిపిస్తున్నాయో చూడండి. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచాలని ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన హ్రస్వదృష్టి, అంటే దూరంవి మసకగా కనిపించడం, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో ట్యూబులైటు వెలుగు కొన్ని వందల లక్సులు దాటదు. బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుగుకు కంటి లోపలి పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. పిల్లవాడు అక్కడ పక్షిని చూస్తున్నాడా, బురదలో కూర్చున్నాడా అన్నది కంటికి అనవసరం.

ఇక కరివేపాకు. ప్రతివారం చెరువుకు వెళ్ళడం కుదరని చిన్నపిల్లల కోసం బాల్కనీలో ఏదైనా చూపించాలనుకున్నాం. తెలుగువాళ్ళ బాల్కనీలో తులసి పక్కన ఇంకేం ఉంటుంది? మా పక్కింటి పెద్దమ్మగారు, కడప జిల్లా మనిషి, తన కరివేపాకు మొక్కకు పురుగు పట్టిందని మందు కొట్టబోతున్నారు. ఆపి చూశాం. ఆకు మీద పిట్ట రెట్టలాంటి మచ్చ. అది రెట్ట కాదు, గొంగళిపురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం. నాలుగోసారి పొర విడిచాక ఆకుపచ్చగా, లావుగా మారింది. పుల్లతో తాకితే తల వెనుక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికి చాచి ఘాటైన వాసన వదిలింది. పిల్లలు ముక్కులు మూసుకొని మళ్ళీ మళ్ళీ తాకారు. అది పాపం ప్రతిసారీ కొమ్ములు చాచింది. ఆ రోజు మాత్రం నేను నోరు విప్పి, ఇక చాలన్నాను.

పద్దెనిమిది రోజులు పెద్దమ్మగారు ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి కరివేపాకు అడిగి తెచ్చి వేశారు. "నా పోపుకు లేకుండా దీనికి మేపుతున్నానర్రా" అని రోజూ విసుక్కొనేవారు. పురుగు కొమ్మకు నడుము దగ్గర పట్టు దారం చుట్టుకొని ప్యూపా అయింది. మరో పది రోజులకు ఒక ఉదయం నల్లని సీతాకోకచిలుక బయటికొచ్చి, రెక్కలు ఆరేదాకా అలాగే వేలాడింది. చూడడానికి ఏడుగురు పిల్లలు పళ్ళు తోముకోకుండానే వచ్చేశారు. ఈ పురుగులు నిమ్మాకు కూడా తింటాయి. ఆ తర్వాత నిమ్మచెట్టు కనిపిస్తే చాలు, ఆకులు తిరగేసి చూడడం మా పిల్లలకు అలవాటైంది. అందుకోసం ఎంత దూరమైనా నడుస్తారు, గోడలు కూడా ఎక్కుతారు. గోడల గురించి వారి తల్లిదండ్రులకు చెప్పకండి.

పేర్ల సంగతి వేరే ముచ్చట. మన పిల్లలకు ఇంగ్లీషు పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. తెలుగు పేర్లు మాత్రం తాతయ్యల దగ్గరే ఉన్నాయి. నీళ్ళ మీద నల్లగా తిరుగుతూ నుదుట తెల్లని మచ్చ ఉన్న పక్షిని చూసి ఒక తాతగారు "నామాల కోడి" అన్నారు. నుదుట నామం చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ పేరు ఇక వాళ్ళు మరచిపోరు. చెరువు కాపలాదారు కన్నడంలో చెబుతాడు: మన కానుగ ఆయనకు హొంగె, రావి ఆయనకు అరళి, చింత హుణసె. నేరేడు దగ్గరికొచ్చేసరికి నేరళె అంటాడు, అందరూ నవ్వుకుంటారు. ఈ ఊళ్ళో ఉంటూ ఈ ఊరి చెట్లను ఈ ఊరి భాషలో పిలవలేకపోవడం నాకు చిన్నతనంగా ఉండేది. పిల్లలకు ఆ చిన్నతనం ఉండకూడదు.

అలాగే ఒక్క చోటు పట్టుకోండి. వారానికొక కొత్త చోటికి బస్సు వేసుకొని తిప్పితే అది విహారయాత్ర అవుతుంది. అదే చెరువుకు ఏడాది పొడవునా వెళ్తే ఎండాకాలంలో నీరు ఎంత వెనక్కి పోయిందో, వానల్లో అలుగు దగ్గర ఏం జరిగిందో పిల్లలే చెబుతారు. బెంగళూరుకు పెద్ద నది లేదు. ఈ చెరువులు మనుషులు కట్టినవి, ఒకటి నిండితే రాజకాలువె గుండా కింది దానికి నీళ్ళు పోయేలా కట్టినవి. ఈ మాట నేను చెప్పలేదు. ఆకుల పడవలు ఎక్కడికి పోతున్నాయని వెంట నడిచిన పిల్లలు కనుక్కున్నారు. చెత్తతో మూసుకుపోయిన చోటు దాకా వెళ్ళి ఆగిపోయారు.

లాల్‌బాగ్ ఒక్కటే మినహాయింపు. ఏడాదికి రెండుసార్లు వెళ్తాం. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండకు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. నేను ఆ అంకె చెబుతుండగా పిల్లలు అప్పటికే బండ మీద నుంచి జారుతున్నారు. ఎన్ని ప్యాంట్లు చిరిగాయో లెక్క లేదు.

జాగ్రత్తలు త్వరగా చెబుతాను. అయిదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి, నీటి అంచున తప్పనిసరిగా ఒకరు. ఈల, మంచినీళ్ళు, బూట్లు. తేనెతుట్టె ఉన్న చెట్టు కింద గోల వద్దు. పాముల కంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టినవి వీధికుక్కలు. పరుగెత్తకుండా నిలబడిపోవడం పిల్లలకు ముందే ఆడి చూపించండి. ఇంకొకటి, ఎవరూ మాట్లాడనిది. మరుగుదొడ్డి తెరిచి ఉందో లేదో ముందుగా చూసుకోండి. మా దగ్గర అది మూసి ఉన్న నెలల్లో ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేశారు, తర్వాత రావడమే మానేశారు. మాకు ఆ కారణం తెలియడానికి చాలాకాలం పట్టింది, ఎందుకంటే నలుగురు నిర్వాహకుల్లో ముగ్గురం మగవాళ్ళం.

మా చేతకాని విషయం కూడా చెప్పి ముగిస్తాను. పన్నెండేళ్ళు దాటాక పిల్లలు జారిపోతున్నారు. ఆదివారం ఉదయమే కోచింగ్ పెడుతున్నారు. గూడబాతు వెంట తిరిగిన కుర్రాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి, ఆరు నెలలుగా రాలేదు. మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే ప్రశ్నల సమయంలో చెప్పండి, రాసుకుంటాను.

బయట బల్ల మీద పన్నెండు కరివేపాకు మొక్కలు పెట్టాం. ఊరికే ఇస్తున్నాం, తీసుకెళ్ళండి. వాటిలో రెండింటికి పురుగు పట్టింది. అవి చిన్నపిల్లలున్న ఇళ్ళకే.