అల్మోరా షీలా... కరాచీ బేగం రానా

[తెర మీద: కుమావూ కొండలు, అల్మోరా ఊరు]

నమస్తే అండి. ఈ కొండ ఊరు అల్మోరా. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో ఉంది. 1905 ఫిబ్రవరి 13న ఇక్కడ ఒక ఆడపిల్ల పుట్టింది, పేరు షీలా ఐరీన్ పంత్. పంత్‌లంటే అక్కడ పేరున్న బ్రాహ్మణులు. మరి మధ్యలో ఈ ఐరీన్ ఏమిటంటారా? షీలా తాత తారాదత్ పంత్ క్రైస్తవంలో చేరారు. బంధువులు ఆయన్ని వెలివేశారు. అయినవాళ్లే తలుపులు వేసేసుకుంటే ఎలా ఉంటుందో ఆ ఇంటికి బాగా తెలుసు.

షీలా లక్నోలో ఎం.ఏ. చేసింది. పరిశోధనకు తీసుకున్న అంశం ఏమిటో తెలుసా? పొలాల్లో ఆడవాళ్లు చేసే పని. ఆ తర్వాత ఢిల్లీ ఇంద్రప్రస్థ కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పింది. ముస్లిం లీగ్ నాయకుడు లియాఖత్ అలీ ఖాన్‌ని పెళ్లి చేసుకుని, ఇస్లాం తీసుకుని, రానా అయింది.

[తెర మీద: 1947, కాందిశీకుల బారులు]

దేశ విభజన జరిగింది. ఇద్దరు కొడుకులతో రానా కరాచీ చేరింది. భర్త పాకిస్తాన్ మొదటి ప్రధాని. ఆమె ఉండిపోవాలనుకుంటే బంగళాలో హాయిగా ఉండిపోవచ్చు. బయట చూస్తే లక్షల మంది కట్టుబట్టలతో సరిహద్దు దాటి వస్తున్నారు. గాయాలకు కట్టు కట్టే నర్సులు చాలా తక్కువ. పరాయి మగవాళ్లను ముట్టుకునే పని పరువైన ఇంటి ఆడపిల్లలు చేస్తారా అని పెద్దలు అడ్డం పడేవారు. రానా ఆ ఇళ్లలోంచే వాలంటీర్లను బయటికి పిలిచింది. వంట, బట్టలు, ప్రథమ చికిత్స అన్నీ వాళ్ల చేతుల మీదుగా నడిచాయి. తర్వాత ఆడవాళ్లకు నేషనల్ గార్డ్ పెట్టించింది. కవాతు, తుపాకీ శిక్షణ కూడా! మతపెద్దలు మండిపడ్డారు, ఆమె వెనక్కి తగ్గలేదు.

1949లో అఖిల పాకిస్తాన్ మహిళా సంఘం పెట్టింది. అందరూ దాన్ని 'అప్వా' అంటారు. బడులు, కుట్టుపని, చేతిపనుల కేంద్రాలు... ఊరికే దానం చేయడం కాదు, ఆడమనిషి చేతిలో నాలుగు డబ్బులు పడాలన్నది లెక్క. పొలం పనుల మీద పరిశోధన చేసిన మనిషి కదా!

1951 అక్టోబర్ 16న రావల్పిండి సభలో లియాఖత్‌ను కాల్చి చంపారు. ఆమె మూలన కూర్చోలేదు. 1954లో నెదర్లాండ్స్‌కు రాయబారిగా వెళ్లింది. తర్వాత ఇటలీ, ట్యునీషియా.

[తెర మీద: నిఖానామా (ముస్లిం పెళ్లి పత్రం) కాగితం, దగ్గరగా]

నన్నడిగితే పదవులన్నిటికంటే పెద్దది ఈ కాగితం. 1955లో అప్పటి ప్రధాని మహమ్మద్ అలీ బోగ్రా, భార్య ఉండగానే రెండో పెళ్లి చేసుకున్నారు. అప్వా మహిళలు ఊరుకోలేదు. ఆ పోరు 1961 కుటుంబ చట్టం దాకా వెళ్లింది. నిఖా రిజిస్టర్ చేయాల్సిందే. మళ్లీ పెళ్లాడాలంటే మధ్యవర్తుల మండలి రాతపూర్వక అనుమతి ఉండాలి, అప్పటికే ఉన్న భార్య తరఫు మనిషి కూడా ఆ మండలిలో కూర్చోవాలి. ఆ 1961 చట్టంలో రాసిన ప్రకారం, అనుమతి లేకుండా చేసుకుంటే ఏడాది దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా మెహర్, అంటే నిఖాలో భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, మొత్తం వెంటనే కట్టాలి. మొగుడు పెళ్లి చేసుకొచ్చాక తెలిసి ఏడ్వడం వేరు, చేసుకోకముందే మన మాట అడగడం వేరు కదండీ.

1973లో రానా సింధ్‌కు గవర్నర్ అయింది. పాకిస్తాన్‌లో ఆ పదవి ఎక్కిన మొదటి మహిళ. మన హైదరాబాద్ సరోజినీ నాయుడు 1947 ఆగస్టులో గవర్నర్ అయ్యారు కదా, ఏ ప్రాంతానికి? యునైటెడ్ ప్రావిన్సెస్‌కు. రానా పుట్టిందీ, చదివిందీ ఆ గడ్డ మీదే!

1978లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి వచ్చింది. తర్వాత జియా ఉల్ హక్ కాలం. కొన్ని వ్యవహారాల్లో ఇద్దరు ఆడవాళ్ల సాక్ష్యం ఒక మగాడి సాక్ష్యానికి సమానం అనే చట్టం వస్తుంటే, 80కి దగ్గరపడిన ఈ పెద్దావిడ సైనిక పాలకుడికి ఎదురు మాట్లాడింది. చట్టం ఆగలేదు, 1984లో వచ్చేసింది. ఆమె నోరూ ఆగలేదు.

1990 జూన్ 13న కరాచీలో కన్నుమూసింది.

[తెర మీద: జిన్నా సమాధి మందిరం]

జిన్నా సమాధి ఉన్న ఈ ఆవరణలోనే, భర్త పక్కన ఆమెను ఖననం చేశారు.