ఇండియా వెళ్లగానే పిల్లలకి మోషన్స్... నిజంగా నీళ్లు పడకేనా?

నమస్తే అండి. సెలవులకి ఇండియా టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు, ముఖ్యంగా చిన్నపిల్లలున్నవాళ్లు, ఈ వీడియో పూర్తిగా చూడండి.

మేము డాలస్ నుంచి తెనాలి, మా అత్తగారింటికి వెళ్లాం. నాలుగో రోజు తెల్లవారుజామున మూడేళ్ల మా పాపకి మోషన్స్ పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఎనిమిదిసార్లు. "నీళ్లు పడలేదమ్మా" అన్నారు పక్కింటి పిన్నిగారు. "దిష్టి తీయండి" అన్నారు ఇంకొకరు. మా అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. వంటింట్లో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. ముందురోజు పాపకి ముద్దలు కలిపి పెట్టింది ఆవిడే. నాకు పాప నీరసం కంటే ఆ కన్నీళ్లే ఎక్కువ గుర్తుండిపోయాయి. అందుకే ఈ విషయం మీతో మాట్లాడాలనుకున్నాను.

"నీళ్లు పడలేదు" అని మన పెద్దవాళ్లు అనే మాటలో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం క్రిములు. ప్రయాణికులకి వచ్చే విరేచనాల్లో ఎక్కువ భాగం బ్యాక్టీరియా వల్లే వస్తాయి. అందులో ముందు చెప్పుకోవాల్సింది ఈ.కోలైలో ఒక రకం, డాక్టర్లు 'ఈటెక్' అంటారు. అది చిన్నపేగు గోడకి అంటుకుని ఒక విషం వదులుతుంది. దాంతో పేగు కణాలు ఒంట్లోని ఉప్పునీ నీళ్లనీ పేగులోకి వదిలేస్తూ ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ఏమిటంటే, వెళ్లే దేశాన్ని, సీజన్‌ని బట్టి రెండు వారాల ప్రయాణంలో 100 మందిలో 30 నుంచి 70 మందికి ఇది రావచ్చు.

మరి అదే పప్పు, అదే పెరుగు తిన్న తాతయ్యకి ఏమీ కాలేదే? ఆయన ఒంటికి ఆ క్రిములు ఏళ్లుగా అలవాటు. మనకీ ఒకప్పుడు ఆ రక్షణ ఉండేది, ఇక్కడికొచ్చాక మెల్లగా తగ్గిపోయింది. ఇక్కడే పుట్టిన పిల్లలకైతే అది మొదటినుంచీ లేదు. కాబట్టి దయచేసి అమ్మనో అత్తయ్యనో తప్పుపట్టకండి. "మన ఊరే కదా, మనకేమవుతుంది" అనే ధైర్యాన్ని మాత్రం పక్కనపెట్టండి. హోటల్‌కి వెళ్లే టూరిస్టు ఐసు వద్దంటాడు. మనం పెళ్లిలో ఎప్పుడో కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐసేసిన జ్యూసు, గంటలకొద్దీ బయటున్న కొబ్బరి చట్నీ మొహమాటానికి తినేస్తాం, పిల్లలకీ పెట్టేస్తాం. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువమంది ఇలా సొంతవాళ్లని చూడ్డానికి వెళ్లొచ్చినవాళ్లే. రెండేళ్లు దాటిన పిల్లలకి ఆ టీకా ఇక్కడ వేస్తారు, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. అయితే అది టైఫాయిడ్‌కే, మామూలు విరేచనాల్ని ఆపదు.

ఇక వచ్చేసిందనుకోండి. ఏం చేయాలి? ఓఆర్ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో ఉన్న పొడి నీళ్లలో కలిపి తాగించడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఈటెక్ విషం నీళ్లని బయటికి తోడేస్తున్నా, పేగులో ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది. ఉప్పు, గ్లూకోజు కలిసి వస్తే పేగు రెండిటినీ లోపలికి లాక్కుంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయొచ్చినవాళ్ల శిబిరంలో, పశ్చిమ బెంగాల్లోని బన్‌గావ్‌లో, కలరా వచ్చింది. ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఎంతమంది తల్లుల కడుపుకోత తప్పించారో ఆయన! చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ప్యాకెట్ మీద లీటరు అని రాసుంటే సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపండి. మరిగించి చల్లార్చిన నీళ్లయితే మంచిది. గ్లాసులో సగం ప్యాకెట్ వేసేయడం చాలా ప్రమాదం. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి టెట్రా ప్యాకుల సంగతి కూడా తెలుసుకోండి. చక్కెర ఎక్కువైతే మోషన్స్ ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్లతరబడి పోరాడారు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఇండియా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆవిడకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కడుపు మాడ్చకండి. తల్లిపాలు ఆపకండి. గంజి, ఇడ్లీ, పెరుగన్నం, ఏది తింటే అది. జింకు గురించి డాక్టర్‌ని అడగండి.

మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ అడిగి తెచ్చేయకండి. మన ప్రాంతంలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకి లొంగని క్రిములు చాలా ఉన్నాయి. మోషన్స్ ఆపే లోపెరమైడ్ బిళ్ల చిన్నపిల్లలకి అసలే వద్దు. జ్వరమో రక్తమో ఉంటే పెద్దవాళ్లూ వేసుకోకూడదు.

మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, తాగిందల్లా వాంతి, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, గంటలు గడిచినా ఒంటికి పోయకపోవడం, మత్తుగా పడి ఉండటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా హాస్పిటల్‌కి బయల్దేరండి. తిరిగొచ్చాక రెండు వారాలు దాటినా తగ్గకపోతే, "ఇండియా వెళ్లొచ్చాం" అని డాక్టర్‌కి తప్పక చెప్పండి. పేగులో చేరే జియార్డియా లాంటి పరాన్నజీవులైతే అలా సాగుతాయి, వాటికి పరీక్షలు వేరు.

ఆ రోజు తెనాలిలో గ్లాసు, స్పూను అత్తయ్యగారి చేతికే ఇచ్చాను. ఒకటి రెండు నిమిషాలకో స్పూను చొప్పున, పాపని ఒళ్లో పెట్టుకుని సాయంత్రమంతా తాగించారావిడ. మధ్యలో ఒకసారి వాంతి చేసుకుంటే, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. ఒంటికి ఎప్పుడు పోస్తుందోనని మా అందరికీ ఒకటే టెన్షన్. రాత్రి ఎనిమిదింటికి పాప కళ్లు తెరిచి, "నానమ్మా, సుస్సు" అంది.