మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి: లైవ్ ఫోన్-ఇన్ ఎలా నడుస్తుంది?

(సీన్: చీకటి గది, టార్చి వెలుగు, బల్ల మీద చిన్న ట్రాన్సిస్టర్)

2020 అక్టోబర్ 13 రాత్రి. హైదరాబాద్‌ సరూర్‌నగర్‌లో మా వీధిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కరెంటు పోయి నాలుగు గంటలైంది. ఫోన్‌లో చార్జింగ్ తొమ్మిది శాతం. వాట్సాప్ తెరిస్తే చెరువు కట్ట తెగిందని ఒకరు, అదంతా పుకారు, పడుకోండి అని ఇంకొకరు. ఎదురింటి పెద్దాయన అటక మీంచి పాత ట్రాన్సిస్టర్ దింపి, కొత్త సెల్స్ వేసి, ముల్లు తిప్పుతూ కూర్చున్నారు. ఎటు తిప్పినా పాటలు. మంచి పాటలే. కానీ ఆ గంటలో మాకు కావలసింది ఒక్క మాట: కట్ట తెగిందా లేదా? సామాను మేడ మీదకి ఎక్కించాలా వద్దా?

ఆ రాత్రి నుంచీ నాకొకటే ఆలోచన. రోజూ ఒకే వేళకి, ఊళ్ళో ఏం జరుగుతోందో మాట్లాడుతూ, ఫోన్ చేసినవాళ్ళని లైన్‌లోకి తీసుకునే ఒక గంట రేడియో ఈ ఊరికి ఎందుకుండకూడదు?

(సీన్: న్యూయార్క్ మ్యాప్, దాని మీద చిన్న చుక్కలు)

అలాంటిది నడిచే చోటు చూపిస్తాను. న్యూయార్క్‌లో డబ్ల్యూఎన్‌వైసీ అని ఒక ప్రజా రేడియో ఉంది. 1924లో నగర పాలక సంస్థ సొంత స్టేషన్‌గా పుట్టింది, 1997లో ఆ పెత్తనం నుంచి బయటపడింది. అందులో బ్రయాన్ లేరర్ అనే ఆయన 1989లో ఒక టాక్ షో మొదలుపెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున రెండు గంటలు. బిల్ డి బ్లాసియో మేయర్‌గా ఉన్న రోజుల్లో వారం వారం ఆ కార్యక్రమానికి వచ్చి జనం ఫోన్లకు జవాబు చెప్పేవారు.

నాకు అన్నిటికంటే నచ్చింది 2007లో వాళ్ళు చేసిన పని. మీ పేటలో పాలు ఎంత, లెట్యూస్ ఆకుకూర ఎంత, బీరు ఎంత, దుకాణానికి వెళ్ళి చూసి చెప్పండి అని శ్రోతల్ని అడిగారు. వచ్చిన ధరలన్నీ మ్యాప్ మీద పెట్టారు. ఒకే ఊళ్ళో ఒకే సరుకు ఎక్కడ ఎంతకు అమ్ముతున్నారో కళ్ళ ముందు కనబడింది. అది ఏ ఒక్క విలేకరి వల్లా అయ్యే పని కాదు.

సరే, ఇప్పుడు స్టూడియో లోపలికి పోదాం.

(సీన్: రెండు గదులు, మధ్యలో అద్దం)

యాంకర్ ఒక గదిలో. అద్దానికి ఇవతల, ఫోన్లు ఎత్తే మనిషి. కార్యక్రమం నిలిచేదీ కూలేదీ ఈ రెండో మనిషి చేతిలోనే అని నేను నమ్ముతాను. అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏం చెప్పాలనుకుంటున్నారు. ఆ జవాబుల్ని ఒక్క లైనుకు కుదించి యాంకర్ ముందున్న తెర మీదకు పంపాలి. అంశం నీళ్ళ ట్యాంకర్లు అనుకుందాం. తెర మీద ఇలా కనబడుతుంది:

లైన్ 2. అమీర్‌పేట. పార్టీలన్నీ ఒకటే అంటున్నారు.
లైన్ 3. మూసాపేట. ట్యాంకర్ బుక్ చేసి మూడు రోజులు, రసీదు చేతిలో ఉంది.

ముందు ఎవర్ని తీసుకోవాలి? మూసాపేట ఆమెనే. అమీర్‌పేట పెద్దమనిషి అభిప్రాయం తప్పని కాదు. ఆమె దగ్గర తేదీ ఉంది, కాగితం ఉంది. ఎదురుగా అధికారి కూర్చుని ఉంటే ఆ కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

ఇక మనందరికీ తెలిసిన ఆ మాట. ఆకాశవాణికి డాక్టరుగారితోనో వ్యవసాయ శాస్త్రవేత్తతోనో మాట్లాడటానికి ఎవరైనా ఫోన్ చేస్తే ముందు వినబడేది: "అమ్మా, మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి." ఎందుకంటారు? ఇంట్లో రేడియో మోగుతుంటే ఆ చప్పుడు ఫోన్‌లోంచి మళ్ళీ స్టూడియోకి వచ్చి కూతపెడుతుంది. అదొకటి. డిలే పెట్టుకున్న స్టేషన్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. స్టూడియోలో పలికిన మాట అప్పటికప్పుడు గాల్లోకి పోదు, ఒక యంత్రంలో కొన్ని సెకన్లు ఆగి పోతుంది. ఏడు సెకన్లన్నది పేరుబడ్డ లెక్క. ఎవరైనా బూతు మాట్లాడితే బటన్ నొక్కి ఆ ముక్క తీసేయడానికి ఈ ఏర్పాటు. అలా తీసేయడంలో ఖర్చయిన సెకన్లను మళ్ళీ కూడబెట్టుకోవడానికి ఆ యంత్రం మాటల మధ్య విరామాలను చెవికి తెలియనంతగా సాగదీస్తుంది. ఎంత చక్కటి పనితనం! అయితే ఫోన్ చేసినామెకు తన మాటే కాస్సేపాగి రేడియోలో వినబడి తడబాటు వస్తుంది. అందుకే సౌండ్ తగ్గించమనేది.

మరి మన ఊళ్ళో?

(సీన్: సైఫాబాద్, ఆకాశవాణి)

ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా వినిపించుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, నీళ్ళు, కరెంటు, వరద హెచ్చరికలు, ఇలాంటివి చెప్పొచ్చు. అంటే "ఈ రోడ్డు మునిగింది" అనొచ్చు. "ఎందుకు మునిగింది, నాలా మీద కట్టడాలకు ఎవరు అనుమతిచ్చారు" అని ఒక గంట లైవ్ పెట్టడం ఆ గీత దాటినట్టే. గంటకు 10 నిమిషాలు వార్తలకు, వర్తమాన వ్యవహారాలకు అనుమతివ్వొచ్చని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫార్సు చేసింది. పది నిమిషాల్లో ఎన్ని ఫోన్లు తీసుకుంటారు? రెండు, మహా అయితే మూడు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ ఆస్తి మీద వార్తలతో సహా అన్నీ మాట్లాడగలిగిన రేడియో ఆకాశవాణి. నిజాం కాలంలో 1935లో దక్కన్ రేడియోగా మొదలై, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిన స్టేషన్ మనది. అప్పట్లో ఉర్దూ, తెలుగు, కన్నడ, మరాఠీ, నాలుగు భాషలూ వినిపించిన గొంతు. ఇవాళ్టికీ మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థ చట్టం తెరిచి చూడండి. ప్రజలకు సంబంధించిన అన్ని విషయాలూ స్వేచ్ఛగా, సత్యంగా తెలుసుకునే పౌరుల హక్కును కాపాడాలని, భిన్నాభిప్రాయాలను కూడా వినిపించాలని రాసి ఉంది. స్టూడియో, ట్రాన్స్‌మిటర్, ఫోన్-ఇన్ నడిపి చేయి తిరిగిన మనుషులు, అన్నీ ఉన్నాయి. ప్రభుత్వం డబ్బుతో నడిచే రేడియో ప్రభుత్వాన్ని ఎలా నిలదీస్తుందని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. యాంకర్ నిలదీయక్కర్లేదు. మూసాపేట ఆమెను లైన్‌లోకి తీసుకుని, రసీదు మీద తేదీ చదవమంటే చాలు.

మొదటి రోజు నేనైతే ట్యాంకర్‌తోనే మొదలుపెడతాను. ఇప్పుడే మొదలుపెడుతున్నాను కూడా. ఈ ఎండాకాలం మీ ఇంటికి ట్యాంకర్ వచ్చుంటే నాలుగు ముక్కలు రాసి పంపండి: ఏ పేట, ఎన్ని లీటర్లు, ఎంత తీసుకున్నారు, బుక్ చేసిన ఎన్నాళ్ళకు వచ్చింది. అన్నీ మ్యాప్ మీద పెట్టి వచ్చే వీడియోలో చూపిస్తాను. మొదటి చుక్క మాది పెడుతున్నా. సరూర్‌నగర్, 5000 లీటర్లు, మూడో రోజు రాత్రి 11 గంటలకు.